నాలుగో నిద్ర

మా చిన్నమ్మ ఊరు సాదలి. ఇంటి వెనక షెడ్డులో పట్టుపురుగులు మేపుతుంది. మొన్నటి ఎండాకాలంలో బాగేపల్లికి పెండ్లికి పోతూ, మర్నాడు తిరిగొచ్చే దాకా వాటికి మల్బరీ ఆకు వేసే పని నాకు అప్పగించింది. నేను కాలేజీలో జంతుశాస్త్రం చదివినవాణ్ణి. ఆమె ధైర్యానికి అంతకు మించిన ఆధారం లేదు.

"పోయిన పంట రోగమొచ్చి అంతా పాయ నాయనా. ఇదన్నా నిలబడల్ల. నీళ్ళు పోసుకోనే లోపలికి పో. పౌడరు వాసన, బీడీ వాసన తగలకూడదు," అని చెప్పి బస్సెక్కింది.

నీళ్ళు పోసుకొన్నాను. ఉతికిన చొక్కా తొడుక్కొన్నాను. అలవాటు కొద్దీ సెంటు కూడా కొట్టుకొన్నాను.

పొద్దున వేసిన ఆకు తిన్నాయి. మధ్యాహ్నం గంపతో వెళ్ళేసరికి ఒక్కటీ నమలడం లేదు. అన్నీ తలలెత్తుకొని, క్లాసులో వింటున్నట్టు నటించే పిల్లల్లా కదలకుండా ఉన్నాయి. నా చొక్కా వాసన నాకే తగిలింది.

పట్టుపురుగుకు మనలాంటి ముక్కు లేదు. ఒంటికి రెండు పక్కలా తొమ్మిదేసి చుక్కలుంటాయి, ఊపిరి వాటిగుండానే. చూపు అంతంతమాత్రం. ఆకు జాడ తెలిసేది నోటి చుట్టూ ఉండే పొట్టి మీసాలతో, బుడిపెలతో. పరీక్షలో ఈ బొమ్మ బాగా గీశాను. బొమ్మకు సెంటు కొట్టి చూడమని ఎవరూ అడగలేదు.

చిన్నమ్మకు ఫోన్ చేసి నేరం ఒప్పుకొన్నాను.

"పెండ్లికి వచ్చింది నేను. సెంటు కొట్టుకొన్నేది నువ్వా?" అంది. వెనక మేళం మోగుతోంది. "తల ఎనకాల నల్లగా, మూడు మూలల మచ్చ ఉండాదా చూడు."

వంగి చూశాను. "ఉండాది చిన్నమ్మా."

"అది లోపల పుట్టే కొత్త తల. నాలుగో నిద్రకి పండుకొన్నాయప్పా. రేపు నేనొచ్చినంక అనుకొంటి, ఎండకి ఒక దినం ముందే పండుకొన్నాయి. ఆకు ఎయ్యొద్దు. ముందు లేసింది ముందు తినిందంటే పంటంతా ఎగుడుదిగుడవుతాది. మూలలో సున్నం పొడి ఉండాది, తట్టల మీద పల్చగా చల్లు, తడి ఉండకూడదు. నువ్వు చదివింది యాడికి పాయ?"

చదివాను. పురుగు పెరుగుతుంది కానీ దాని తోలు పెరగదు, నాలుగు నిద్రల్లో నాలుగుసార్లు విడిచి కొత్తది తొడుక్కోవాలి. పుస్తకంలో అది ఒక్క వాక్యం. ఆ వాక్యం తల ఎత్తుకొని ఉంటుందని అందులో రాయలేదు.

సున్నం చల్లి, మళ్ళీ నీళ్ళు పోసుకొని, చొక్కా నానబెట్టాను. అయినా నమ్మకం కుదరలేదు. మర్నాడు సాయంత్రానికి ఒక పురుగు పాత తోలులోంచి మెల్లగా బయటికి పాకింది. తర్వాత దాని పక్కది. కాసేపటికి తట్టంతా కదిలింది. నేను గోడకు ఆనుకొని కూర్చున్నాను.

చీకటి పడేలోపు చిన్నమ్మ వచ్చింది. షెడ్డు వాకిట్లో నన్ను ఆపి, దగ్గరికొచ్చి ముందు నన్ను వాసన చూసింది. తర్వాత లోపలికి పోయి పురుగుల్ని చూసింది.

"ఆకు తేపో," అంది.