తాళం గదిలో బోల్టు

పీలమేడులో మా పట్టర, అంటే మా వర్క్‌షాపు, ఇంటి వెనకే ఉంది. మామగారి కాలం నుంచీ అందులో పంపు షాఫ్టులే చేస్తున్నాం. ఒక కంపెనీ సైన్యం కోసం కొత్త స్నైపర్ రైఫిల్ తయారు చేస్తూ, దాని బోల్టు నమూనా చేసిపెట్టమని మమ్మల్ని అడిగింది. కంపెనీ పేరు రాయను. రాయనని సంతకం పెట్టాను. తూటాను గొట్టంలోకి తోసి, పిడి కిందికి తిప్పగానే బిగుసుకుని, పేలుడు వెనక్కి తన్నకుండా కాచే ఉక్కు కడ్డీ ఆ బోల్టు. బిగించేది దాని ముందున్న రెండు చెవులు. వాటి వెనక వైపు వెంట్రుకంత తేడా వచ్చినా పిడి దిగదు.

ఇంజనీరింగ్ చదివి వచ్చి పంపుల బిల్లులు రాస్తున్న నాకు, నా పేరు మీద వచ్చిన మొదటి పని అది. షరతులు మాత్రం గట్టివి. గదికి తాళం ఉండాలి, తాళంచెవి నా దగ్గరే ఉండాలి, అదేమిటో ఇంట్లో కూడా చెప్పకూడదు. ఏదో మెషిన్ పార్టని అందరికీ చెప్పాను. మొదటి నమూనా వేడిచేసి గట్టిపరిచేటప్పుడు వంగిపోయింది. డ్రాయింగ్ మార్చి రెండోది చేశాం. ఇదీ తప్పితే పని వేరేవాళ్లకు పోతుంది.

అప్పటి నుంచి నాకు అందరి మీదా అనుమానమే. మా ఆయన పొల్లాచ్చిలో పంపుల అంగడి చూసుకుంటారు కాబట్టి ఆయన బతికిపోయారు. మరిది మాత్రం దొరికాడు. ఆ ఉక్కు ఎందుకంత గట్టిదని ఒకసారి అడిగాడు. బైకు తెచ్చి సరిగ్గా ఆ గది కిటికీ కిందే నిలిపేవాడు. వాడు నవ్వినా నాకు ఒళ్లు మండేది.

ఇంతలో ఆయుధ పూజ వచ్చింది. మా ఇంట్లో ఆ రోజు బీరువా మొదలు బైకు దాకా అన్ని తాళంచెవులూ పళ్లెంలో పోసి దేవుడి ముందు పెడతారు. ఇవ్వనంటే ఎందుకని అడుగుతారు. నాదీ పెట్టాను. హారతికి ముందు అత్తగారు గంధం గిన్నె పట్టుకుని యంత్రాలన్నిటికీ బొట్లు పెడుతూ తిరిగారు. నేను లోపల మా చంటిపాపకు పాలిస్తున్నాను. హారతి కాగానే తాళంచెవి తీసుకుని నడుముకు దోపుకున్నాను.

మర్నాడు కంపెనీ ఇంజనీరు వచ్చారు. కంపెనీ పంపిన గొట్టంలో బోల్టు దూర్చి, తూటా ఆకారంలో ఉన్న గేజీ పెట్టి పిడి తిప్పితే సగంలోనే ఆగిపోయింది. పూజకు ముందు రోజు నేను తిప్పినప్పుడు హాయిగా దిగిన పిడే అది. గదిలోకి ఎవరొచ్చారని అడిగారు. ఎవరూ రాలేదన్నాను. ఫొటోలేమైనా బయటికి పోయాయేమోనని నా ఫోన్ చూపించమన్నారు. ఇచ్చాను.

ఆయన బోల్టు బయటికి తీశారు. చెవుల వెనక నేను పూసిన నూనె తుడిచేసి ఉంది. అక్కడ పసుప్పచ్చగా ఏదో ఎండి అంటుకుంది. గ్రైండింగ్ పేస్టులా ఉంది, ఎవరో అరగదీయాలని చూశారన్నారు. మరిదిని కేకేయబోయి, ఎందుకో గోటితో గీకి వాసన చూశాను. గంధం.

అత్తగారిని పిలిచాను. ఆమె వెనకే మరిదీ వచ్చాడు. ఆమె తడుముకోలేదు. "మన పట్టరలో నిజం ఆయుధం అదొక్కటే గదా. దాన్ని ఇడ్సి పంపులకు పూజ జేస్తే సామి ఏమనుకుంటాడు? కనపడితే నువ్వు కోపపడతావని ఎనకపక్క పెట్టినా."

ఇంజనీరుకు తెలుగు రాదు, తమిళంలో చెప్పాను. ఆయన గుడ్డతో తుడిచి మళ్లీ గేజీ పెట్టారు. పిడి చక్కగా దిగింది. బతికాననుకున్నాను. ఆయన మాత్రం నా వైపే చూస్తూ, అది ఆయుధమని ఈమెకు ఎవరు చెప్పారని అడిగారు. నేను మరిది వైపు చూశాను. వాడు తెల్లబోయి నిలబడ్డాడు. ఎవరు చెప్పారని అత్తగారినే అడిగాను.

"ఎవరు జెప్పాల అమ్మణీ? పంపు పని జేసొస్తే చెయ్యి తుడ్సుకోని అట్లే పాపను ఎత్తుకుంటావు. ఈ రూములోంచి వస్తే సోపేసి కడిగి కడిగి గదా ఎత్తుకుంటావు."

ఏమన్నారని ఇంజనీరు అడిగారు. తనే ఊహించారట అన్నాను. ఆయన నమ్మలేదు. బోల్టు బాగుందన్నారు, పని మాకే ఉంటుందన్నారు. వెళ్తూ తాళంచెవి మాత్రం తనతో తీసుకుపోయారు.

ఇంట్లో పాప లేచి ఏడుస్తోంది. నేను ముందు కుళాయి దగ్గరికే వెళ్లాను.