పిట్టకు పెట్టిన అన్నం

లక్సెట్టిపేట నుంచి కరీంనగర్ వెళ్లే బస్సులో ఫోన్లో సినిమా చూస్తున్నాను. ఏనాటిదో రాజుల కాలపు ప్రేమకథను ఈ కాలానికి మార్చి తీశారు. గుర్రం బదులు బైకు మీద పారిపోతోంది జంట. పక్క సీటు పెద్దావిడ కూడా తొంగి చూస్తోంది.

"ఆఖరికేమైతది బిడ్డా?"

"ఇద్దరు చచ్చిపోతరు పెద్దమ్మా. పాత కథ గట్లనే ఉంది."

ఆమెకు కోపమొచ్చింది.

"కాలం మార్సినోళ్లకు సావు మార్సుడు రాలేదా? కులం కానోన్ని చేసుకున్ననని మా బాపు నేను బతికుండంగనే దినం చేసి, నా పేరు మీద పిట్టకు అన్నం పెట్టిండు. కాకి రాకముందే మేమిద్దరం పోయి, ఆయన ముంగటనే గా అన్నం తిన్నం. నలభై ఏండ్లాయె."

వేలితో తెర నొక్కింది. బైకు ఆగిపోయింది.

"గీడనే ఉంచు," అని తన ఊరు రాగానే దిగిపోయింది.

నేనింతవరకు ఆ బైకును కదిలించలేదు.