సగం గీసిన గడ్డంతో సంగారెడ్డి నుంచి పాశమైలారం దాకా

గురువారం సాయంత్రం మా బామ్మర్ది శ్రీను మెడకు తువ్వాలు చుట్టుకుని సంగారెడ్డిలోని మా ఇంటికి వచ్చాడు. జలుబు చేసిందేమో అనుకుని వాళ్ళ అక్క, అంటే నా భార్య సుజాత, మిరియాల కషాయం పెట్టబోయింది. వాడు తువ్వాలు తీసి చూపించాడు. దవడ కింది నుంచి గొంతు దాకా ఎర్రటి పొక్కులు, ఒకటి రెండు చోట్ల నెత్తురు చారలు. "గడ్డం గీసుకుంటే గిట్లయింది బావా" అన్నాడు. శ్రీనుది ఉంగరాలు తిరిగిన మొండి గడ్డం. గీసిన వెంట్రుక మళ్ళీ పెరిగేటప్పుడు బయటికి రాకుండా చర్మంలోకే వంకర తిరుగుతుంది, అక్కడ పొక్కు లేస్తుంది. ఇన్నాళ్ళూ గడ్డం పెంచుకుని తిరిగాడు కాబట్టి వాడికి ఈ బాధ తెలియలేదు.

ఇక పెంచుకునే వీలు లేదు. పాశమైలారంలోని ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టరు కింద రెండేళ్ళుగా మూటలు మోస్తున్నవాడికి, లోపల పౌడర్ హాల్లో పర్మినెంటు పని దొరికే అవకాశం వచ్చింది. మందుపొడి గాలిలో తేలే చోటు కాబట్టి అక్కడ ముక్కూ నోరూ మూసే రబ్బరు మాస్కు తప్పనిసరి. దాని అంచు చర్మానికి అతుక్కోవాలంటే చెంపల మీద, దవడ కింద ఒక్క వెంట్రుక కూడా ఉండకూడదు. మాస్కు సరిగ్గా కూర్చుందో లేదో పరీక్ష పెట్టి మరీ లోపలికి తీసుకుంటారు. మొదటిసారి వాడు తెగుతుందన్న భయంతో పైపైన గీసుకుని వెళ్ళి తప్పాడు. ఇంకొక్క అవకాశం సోమవారం ఇస్తామన్నారట. "ఈ తాప గూడ కాకపోతే వేరేటోళ్ళకు ఇస్తరట బావా. నేను మల్ల లోడింగుకే" అన్నాడు. సెలూన్‌కి వెళ్ళొచ్చు కదా అని మీరు అడగొచ్చు. పాసైతే రోజూ గేటు దగ్గర గడ్డం చూస్తారు, షిఫ్టు పొద్దున ఆరింటికి, అప్పటికి ఏ సెలూనూ తెరవదు. అంటే రోజూ సొంతంగా గీసుకున్నా మెడ మండని బ్లేడు ఒకటి ఆదివారంలోగా దొరకాలి.

ఈ విద్యలో నేను పేరున్నవాణ్ణి, అంటే మా ఇంటి వరకు. ప్లాస్టిక్ రేజర్లు వదిలేసి, రెండు వైపులా పదునుండే పల్చటి బ్లేడుకీ స్టీలు రేజరుకీ మారి చాలా కాలమైంది. వరసగా మూడు బ్లేడ్లు పేర్చిన రేజరు వెంట్రుకను లాగి చర్మం లోపలికంటా కోస్తుంది. ఇదైతే ఒక్క అంచుతో పైకి కనబడినంత మేర కోసి వదిలేస్తుంది. శ్రీను లాంటి గడ్డాలకు ఇదే సరైనదని నా నమ్మకం. అందులోనూ నీలం కాగితం చుట్టి వచ్చే ఒక బ్లేడంటే నాకు ప్రాణం, బాగా పదును. "మూడు దినాలు గడ్డం ముట్టకు. పొక్కులు మాననియ్యి. ఆదివారం నేను జూస్త" అన్నాను, ఆపరేషన్ చేయబోయే డాక్టర్లాగా. సుజాత వంటింట్లోంచి నవ్వింది.

ఆదివారం పొద్దున ఏడింటికి పని మొదలుపెట్టాము. ఒకసారి గీసిన చోట వెంటనే ఇంకో బ్లేడు పరీక్షించలేం కదా, అందుకని వాడి మొహాన్ని నాలుగు భాగాలుగా పంచాను: ఎడమ చెంప, కుడి చెంప, పెదవి కింద గదుమ, చివరికి అన్నిటికన్నా పెంకిదైన మెడ. ఎడమ చెంపకు నా నీలం బ్లేడు. సబ్బు పూయగానే వెన్నలాంటి నురుగు వచ్చింది. రేజరు నొక్కకుండా దాని బరువుకే వదిలేయమన్నాను. వాడు భయం భయంగా ఒక్క గీత గీసి, వేలితో తడిమి చూసుకుని, "అరె, మస్తుగుంది బావా" అన్నాడు. మంట లేదు, నెత్తురు లేదు. నా సంబరానికి హద్దు లేదు. మిగిలిన గడ్డం పాశమైలారంలోని వాడి గదికి వెళ్ళాక వాడి చేత్తోనే గీసుకుంటే అలవాటవుతుందని, అలాగే బయల్దేరదీశాను.

మొదట బజారుకు వెళ్ళాము. తాతల కాలం నుంచి నడుస్తున్న ఫ్యాన్సీ దుకాణం ఒకటుంది, అక్కడి సేటు శ్రీను మొహం చూసి, "ఏంది తమ్మీ, సెలూన్ల సగం గడ్డానికే పైసలిచ్చినవా?" అన్నాడు. నీలం బ్లేడు అడిగితే అడ్డు చెప్పాడు. "అది శాన పదును సార్. పోరని చర్మం చూడు ఎట్లున్నదో. జెర నెమ్మదిది తీస్కపోండ్రి." నాకు కోపం వచ్చింది. ముప్పై రూపాయలకు అయిదు బ్లేడ్ల ప్యాకెట్టు, నేను వాడేదే, కావాలని పట్టుబట్టి తీసుకున్నాను. ఇలాంటి ప్రయత్నం చేసేవాళ్ళు పెట్టెలకు పెట్టెలు కొనకండి, ఇక్కడ ఏ దుకాణంలోనైనా విడి ప్యాకెట్టు ఇస్తారు, పది నుంచి నలభై రూపాయల మధ్య అన్ని రకాలూ దొరుకుతాయి.

మేము నా బైకు మీద వెళ్ళాము. బస్సులో వచ్చేవాళ్ళు సంగారెడ్డిలో పటాన్‌చెరు బస్సెక్కి ఇస్నాపూర్ చౌరస్తాలో దిగితే చాలు, అక్కడి నుంచి పాశమైలారానికి షేరింగ్ ఆటోలు ఉంటాయి, మనిషికి ఇరవై రూపాయలు. ఆదివారమైనా హైవే మీద లారీలకు సెలవు లేదు. కంది దాటాక ఒకచోట ఆగితే పక్క బైకు మీద ఉన్న ఆడమనిషి శ్రీను మొహాన్ని ఒకసారి ఇటు నుంచీ, ముందుకు పోయాక ఇంకోసారి అటు నుంచీ చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇస్నాపూర్‌లో మలుపు తిరగ్గానే మందుల వాసన ముక్కుకు తగిలింది. శ్రీను గది ఒక వరస రేకుల ఇళ్ళలో ఉంది, గదిలో ఉండే ఒడిశా కుర్రాళ్ళిద్దరూ డ్యూటీకి వెళ్ళారు.

అక్కడ కుడి చెంప. అదే సబ్బు, అదే బ్లేడు, అదే చెయ్యి. నురుగు మాత్రం రాలేదు, పలచగా పాలు విరిగినట్టు చెంప మీంచి జారిపోయింది. "బ్రష్షు సరిగ్గ తిప్పురా, ఏం తిన్లేదా పొద్దున?" అని కసిరాను. మొదటి గీతకే బ్లేడు పట్టుకుని లాగింది. రెండో గీతకు నెత్తురు. నేనే రేజరు లాక్కుని ప్రయత్నించాను, ఇంకోచోట తెగింది. అద్దంలో ఒక చెంప నున్నగా, ఇంకో చెంప గీరుకుపోయి ఎర్రగా. శ్రీను తువ్వాలు అద్దుకుంటూ మంచం మీద కూలబడ్డాడు.

"ఇడిసిపెట్టు బావా. లోడింగే జేస్త. రెండేండ్ల సంది జేస్తలేనా, సచ్చిన్నా?"

"సావలేదని సంబురపడాల్నా ఏంది?" అని అరిచాను. అరిచాను కానీ లోపల నాకూ భయం పట్టుకుంది. వాడి నడుము ఇప్పటికే రాత్రుళ్ళు పట్టేస్తోందని సుజాత నాతో చెప్పింది. నా మాట నమ్మి వచ్చినవాడి చెంప ఇలా చేశానే అని చిన్నబోయాను. తప్పు బ్లేడుదే అయి ఉంటుంది, సేటు చెప్పినట్టు పదును ఎక్కువైంది అనుకున్నాను. ముత్తంగి రింగురోడ్డు దగ్గర లారీల కోసం వెలిసిన దుకాణాల్లో అన్ని రాష్ట్రాల సరుకూ దొరుకుతుంది, పావుగంట దారి. చెంపకు పటిక రుద్ది వాణ్ణి మళ్ళీ బండెక్కించాను.

ముత్తంగిలో వరసగా ఆగి ఉన్న లారీల్లో ఒకదాని సైడు అద్దంలో చూసుకుంటూ ఓ డ్రైవరు గడ్డం గీసుకుంటున్నాడు, జహీరాబాద్ వైపు మనిషి. అడగకుండా ఎలా ఉంటాను? ఆయన శ్రీను గదుమ పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఒక చెంప పెండ్లికొడుకుది, ఒక చెంప కొట్లాటకు పొయ్యొచ్చినోనిది. ఎవరు జేసిండ్రు భయ్యా?" శ్రీను వేలితో నన్ను చూపించాడు. ఆయన పడీ పడీ నవ్వి, పసుపు కాగితంలో ఉన్న కొత్త బ్లేడొకటి ఇచ్చాడు. "నేనైతే గిదే వాడ్త. గని నాది బర్రె తోలు, నీకు పడ్తదో లేదో నాకేమెరుక? సూసుకో. మంచిగనిపిస్తె గా దుకాణంల ఉంటయి." డబ్బులివ్వబోతే తీసుకోలేదు, చాయ్ మాత్రం తాగాడు. దుకాణంలో అలాంటిదే ఒక ప్యాకెట్టు కొన్నాము, నీలం దానికన్నా చౌక.

తిరిగి పాశమైలారం చేరేసరికి ఒంటిగంట దాటింది. శ్రీను రోజూ తినే మెస్సు యాదమ్మక్కది. ఎనభై రూపాయలకు కడుపునిండా అన్నం, పప్పు, ఒక కూర, పచ్చిపులుసు. ఆమె కొనుక్కున్న నీళ్ళ క్యాను వంచి కుక్కర్లో పోస్తుంటే నాకు నోరు ఊరుకోలేదు. "పప్పుకు గూడ క్యాను నీళ్ళేనా అక్కా? లాభాలు మస్తుగున్నట్టున్నయి."

"ఏం లాభమన్నా! బోరు నీళ్ళల్ల పప్పు ఉడ్కనే ఉడ్కది. గ్యాసు అయిపోతది గని పలుకు పలుకే ఉంటది. ఇగ మీరే తిడ్తరు" అంది.

నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. మా ఇంట్లో కుళాయిలో వచ్చేది మంజీర నది నీళ్ళు. ఇక్కడ శ్రీను గదిలో వచ్చేది బోరు నీళ్ళు, కుళాయి మూతికి తెల్లటి పొర కట్టి ఉండడం పొద్దున చూసి కూడా పట్టించుకోలేదు. పప్పు గింజను మెత్తబరచని నీళ్ళు మొండి గడ్డాన్ని ఏం మెత్తబరుస్తాయి?

"శ్రీనూ, పొద్దుగాల గదిల నురుగు రాలే గద?"

"రాలే."

"నిన్ను తిట్టిన గద?"

"తిట్టినవ్" అన్నాడు వాడు, పచ్చిపులుసు పోసుకుంటూ.

యాదమ్మక్కను బతిమాలి చెంబెడు క్యాను నీళ్ళు వేడి చేయించుకున్నాము. మెస్సు వెనక చేతులు కడుక్కునే చోట అద్దం ఉంది. ఈసారి తొందరపడలేదు, వేడి తువ్వాలు గదుమ మీద కాసేపు ఉంచి, తర్వాత సబ్బు పూశాము. నురుగు వచ్చింది! గదుమలో ఎడమ సగం నా నీలం బ్లేడుతో, కుడి సగం పసుపు బ్లేడుతో వాడే గీసుకున్నాడు. రెండూ తెగలేదు. కానీ నీలం వైపు కాసేపటికి చురచురమంది. పసుపు వైపు? "గీసినట్టే తెలుస్తలేదు బావా." నేను ఒప్పుకోలేదు, మళ్ళీ తడిమి చూడమన్నాను. యాదమ్మక్క గరిటెతోనే బయటికి వచ్చి చూసి, "గిటు దిక్కే నున్నగున్నది" అని పసుపు వైపు చూపించి లోపలికి వెళ్ళిపోయింది. నా నీలం బ్లేడు చిత్తుగా ఓడిపోయింది, నాకు ఇంత ఆనందంగా ఉంటుందని అనుకోలేదు.

మెడ మిగిలింది. వేలితో రాసి చూస్తే వాడి మెడ కింద వెంట్రుకలు పైకి పెరుగుతున్నాయి. మొన్న పై నుంచి కిందికి, అంటే ఎదురు గీశాడన్నమాట. అక్కడ కింది నుంచి పైకి గీయాలని, ఒక్కచోట ఒక్కసారే పోనివ్వాలని చెప్పి, ఆ పనినీ, సగంలో ఆగిన కుడి చెంపనూ మర్నాటి పొద్దున క్యాను నీళ్ళకూ పసుపు బ్లేడుకూ వదిలేశాము. సాయంత్రం నేనొక్కణ్ణే సంగారెడ్డికి తిరిగొచ్చాను.

సోమవారం ఫ్యాక్టరీ లోపల ఫోన్లు ఉండనివ్వరు. సుజాత పొద్దుటి నుంచి ఫోను కొంగున కట్టుకుని తిరిగింది. నేను బజారుకు పోతానని చెప్పి కూడా పోకుండా కుర్చీలోనే కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళకు మోగింది.

"బావా, తల మీద సంచి లెక్క ఒకటి తొడిగిండ్రు. దాంట్ల చేదు మందు కొట్టిండ్రు. మాస్కు సందు నుంచి గాలి సొస్తే నాలుకకు చేదు తెలుస్తదట. తల తిప్పుమన్నరు, వంగుమన్నరు, మాట్లాడుమన్నరు..."

"తెలిసిందా?"

"ఏం తెల్వలే బావా. ఉమ్మి గూడ తియ్యగనే ఉండె. రేపటి సంది లోపటికే రమ్మన్నరు. మెడ మంట లేదు. అక్కకియ్యి ఫోను."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు. నా మొహానికి నప్పిన బ్లేడే లోకంలో మంచి బ్లేడని ఇంతకాలం కనబడిన వాళ్ళందరితో వాదించాను. ఇప్పుడు బ్లేడు సంగతి ఎవరైనా అడిగితే ముందు గడ్డం ఎలాంటిది, ఏ ఊళ్ళో ఉంటారు, నీళ్ళు ఎక్కడివి అని అడుగుతున్నాను. శ్రీను ఇప్పుడు రోజూ రాత్రి తాగే నీళ్ళ క్యానులోంచి ఒక చెంబెడు పక్కన పెట్టుకుని పడుకుంటున్నాడు. మొన్న వచ్చినప్పుడు మెడకు తువ్వాలు లేదు, సుజాత వాడి గదుమ పట్టుకుని దీపం వెలుగులో చూసి మరీ అన్నం పెట్టింది.

ఇలాంటి ప్రయత్నం మీరూ చేయబోతే ఒక్క మాట: రోజూ గీసుకోబోయే ఊళ్ళో, ఆ నీళ్ళతోనే, కొత్త బ్లేడును ముందు ఒక్క చెంప మీద చూడండి. మెడను మాత్రం చివరికి ఉంచుకోండి.