గీత మీద భూపతి

భూపతి ఎక్కడికి వెళ్లినా ముందు అరచెయ్యి ఆనిస్తాడు. మరమగ్గం చట్రం మీద, ఇంటి తలుపు మీద, ఆగి ఉన్న ఆటో మీద, మాట్లాడే మనిషి భుజం మీద. చెయ్యి ఆనించాకే ఎదుటివాళ్ల ముఖంలోకి చూస్తాడు. మగ్గం సరిగ్గా ఆడుతున్నదో లేదో కార్ఖానాలో అందరూ చేత్తోనే తెలుసుకుంటారు గనుక, అందులో ఎవరికీ వింత కనిపించలేదు.

మీసాలు రాని వయసులో కరీంనగర్ వైపు పల్లె నుంచి ముంబై పక్కనున్న భివండి వచ్చాడు. అప్పటి నుంచి మగ్గాల సందులోనే నిలబడ్డాడు. రెండు వేల నాలుగులో కరెంటు కోతలు పెరిగాయి. కార్ఖానా సేటు సగం మగ్గాలను విప్పించి తుక్కు కింద అమ్మాడు. మిగిలినవి ఎన్నాళ్లు ఆడతాయో ఆయనకే తెలియదు. పక్కనే ఉన్న కాల్హేర్‌లో కొత్త గోదాముకు కాపలావాళ్లు కావాలని ఆ రోజుల్లోనే తెలిసింది. చదువు అడగరు. గోదాము చుట్టూ పరుగు పెట్టించి, ముందు వచ్చినవాళ్లను తీసుకుంటారు. భూపతికి అప్పటికి నలభై దగ్గరపడుతున్నది. ఎన్నడూ ఉరికినవాడు కాదు.

పక్క మగ్గాల మీద పనిచేసే రాజలింగం కూడా వస్తానన్నాడు. వయసులో పెద్దవాడు, నోరు ఊరుకోదు. మొదటి పొద్దున కాశేలి రోడ్డు మీద భూపతి కొంచెం దూరం ఉరికి, కూలబడి దగ్గాడు. గొంతులోంచి తెల్లటి నుసి పడింది. రాజలింగం వంగి చూశాడు.

"తమ్మీ, గిది సేటు చూస్తే నూలు దొంగలించినవంటడు."

ఊపిరి నెమ్మదిగా కుదిరింది. కాళ్లు కుదరలేదు. మగ్గాల మధ్య నాలుగడుగులు వేయడం, మళ్లడం. అన్నేళ్లుగా కాళ్లకు తెలిసింది అదే. రోడ్డు మీద కూడా కాస్త దూరం పోగానే నడుము దానంతట అదే పక్కకు తిరిగేది. భూపతి ఒక కరెంటు స్తంభం మీద చూపు నిలిపి దాన్ని చేరుకోవడం నేర్చుకున్నాడు. తర్వాత దాని వెనక స్తంభం. ఉరుకుతూ ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకునేవాళ్లు. మోతలో పనిచేసేవాళ్లకు ఆ సైగలు చాలు. వెనక లారీ వస్తే కాళ్ల కింద నేల చెప్పేది.

వానలు వెళ్లేసరికి ఉప్పుటేరు మీది ఖాడీ వంతెన దాకా ఆగకుండా పోయాడు. ఆ రోజు వంతెన కమ్మీ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. కమ్మీ వణుకుతున్నది. ఉద్యోగం వచ్చినట్టే అనుకున్నాడు.

పరుగు పెట్టే రోజు వచ్చింది. భూపతి మొదటి జట్టులో ఉన్నాడు. రాజలింగం వంతు తర్వాతి వారం. గోదాము ముందు సున్నంతో గీత గీశారు. ఈల ఊదగానే కదలాలని సూపర్‌వైజర్ అందరి ఎదుట నిలబడి హిందీలో చెప్పాడు. చెప్పి, వాళ్ల వెనక్కి నడిచాడు. భూపతి దూరంగా ఉన్న స్తంభం మీద చూపు నిలిపాడు.

పక్కవాళ్లు ఉరికారు.

తొందరపడ్డారనుకున్నాడు. వెనక్కి పిలిచి మళ్లీ నిలబెడతారని గీత మీదే ఉండిపోయాడు. తాను దాటనందుకు లోపల కొంచెం గర్వపడ్డాడు కూడా. వాళ్లు గోదాము మూల తిరిగి కనిపించకుండా పోయారు. అప్పుడు వెనక్కి చూశాడు.

సూపర్‌వైజర్ నోట్లో ఈల ఉంది. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. భూపతి ముఖం మీదికే ఊదుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు వినిపించింది. ఈల వినిపించలేదు.

వరస గదుల చాళ్‌లోని ఇంటికి ఎలా నడిచి వచ్చాడో గుర్తులేదు. భార్య అరుణజ్యోతి పొయ్యి మీద కుక్కర్ పెట్టింది. అతను దాని ముందు కూర్చున్నాడు.

"అరుణా, మన కుక్కర్ సీటీ కొడతదా?"

"రోజు కొడ్తది. చాళ్ మొత్తం ఇంటది."

మూత మీది బరువు లేచింది. ఆవిరి చిమ్మింది. బరువు పడింది. గిదొక సీటీ, అంది అరుణజ్యోతి. భూపతి ఆవిరి వైపే చూస్తున్నాడు. కుక్కర్ పని అంతేననుకున్నాడు ఇన్నేళ్లూ, లేవడం, పడడం. పొద్దున కూతురు కాజల్ ఊదిన ప్లాస్టిక్ ఈల కూడా పాడైందనుకున్నాడు.

బరువు ఇంకోసారి లేచి పడ్డాక మళ్లీ అడిగాడు.

"ఈడ పిట్టలు ఉన్నయా?"

"ఏంది గట్ల అడుగుతున్నవ్? తెల్లారంగనే రేకుల మీద ఒకటే లొల్లి."

ఇన్నాళ్లూ పిట్టలు ఊళ్లోనే మిగిలిపోయాయనుకున్నాడు. భివండిలో అవి కూయవనుకున్నాడు.

అన్నం తింటూ గోదాము దగ్గర జరిగింది చెప్పాడు, మాటలు వినిపిస్తున్నా సన్నటి కూతలు చెవికి అందడం లేదన్నాడు. అరుణజ్యోతి అతని ముఖానికి ఎదురుగా వచ్చి కూర్చుంది. అతనితో ఎప్పుడూ అలాగే మాట్లాడుతుంది. మగ్గాల మోతలో పనిచేసే కార్ఖానా మనుషులంతా అంతేననుకున్నానని, అది ఒక జబ్బని తనకు తోచలేదని అంది.

"రాజలింగమన్ననైనా గట్లనే కద. ఎవలు పిలిచినా భుజం తట్టుడే."

భూపతి నోటి దాకా తెచ్చిన ముద్ద కంచంలో పెట్టాడు.

మరునాడు పొద్దున కాజల్ ఈల జేబులో వేసుకుని కాశేలి రోడ్డుకు వెళ్లాడు. మట్టిలో మడమతో గీత గీశాడు. రాజలింగాన్ని దాని మీద నిలబెట్టి, సీటీ ఊదినంక ఉరకమన్నాడు. నిన్న గీత మీద చెట్టు లెక్క నిలబడ్డోడివి నువ్వు, నాకు నేర్పవట్టినవా అని రాజలింగం నవ్వాడు. నవ్వి, ముందుకు వంగాడు.

భూపతి వెనక్కి వెళ్లి ఊదాడు. బుగ్గలు నొప్పి పుట్టేదాకా ఊదాడు. పాల క్యాన్లతో సైకిల్ మీద పోతున్నవాడు ఉలిక్కిపడి తిరిగి చూశాడు. రాజలింగం ఎదురుగా ఉన్న స్తంభం మీంచి చూపు తియ్యలేదు. పిక్కలు బిగించి, ఇంకా కాచుకునే ఉన్నాడు.

భూపతి ఈల జేబులో పెట్టుకున్నాడు. దగ్గరికి వెళ్లి అతని వీపు మీద అరచెయ్యి ఆనించాడు.

రాజలింగం ఉరికాడు.