ఏసోబు మేస్త్రి, గోల్ఫు మైదానం

కోసిన పచ్చిగడ్డి వాసన ఇప్పటికీ నాకు పడదు. మా వీధి పార్కులో గడ్డి మిషను తిరిగే రోజున కిటికీలు మూసేసుకుంటాను. అయినా ఏసోబు మేస్త్రి గుర్తుకొస్తారు. ఇప్పుడు ‘ఆయన’ అంటున్నాను గానీ, అప్పట్లో నాకంటే ముప్ఫై ఏళ్లు పెద్దవాణ్ణి ‘నువ్వు’ అనే పిలిచేవాణ్ణి.

అరవైల మొదట్లో జగ్గయ్యపేట దగ్గర ఒక సున్నపురాయి క్వారీ కంపెనీలో సర్వేయరుగా చేరాను. ఆఫీసర్ల సరదాకి గోల్ఫు మైదానం వేయమన్నారు. నేను కాగితం మీద స్కేలు పెట్టి తిన్నగా గీతలు గీసి, వాటి ప్రకారం నేల మీద ముగ్గు పోయించాను. నందిగామ వైపు నుంచి వచ్చిన తోటమేస్త్రి ఏసోబు నా గీతల వెంట ఒక పూటంతా నడిచి వచ్చారు.

“గీత బానే ఉందండి. నేలే మీ మాట వినదు. జానెడు తవ్వితే రాయి. మట్టి ఉన్నకాడే చెట్టు, చెట్టును బట్టే దారి” అన్నారు.

మట్టి వెతికి వెతికి కానుగ, వేప, నిద్రగన్నేరు నాటించారు. గడ్డిదారి వాటి మధ్య వంకర్లు తిరిగింది. నాలుగేళ్లకు కొమ్మలు కమ్ముకున్నాయి. బంతి కొట్టేచోట నిలబడితే వంపు అవతల ఎవరున్నారో కనపడదు. ఆటకు అదే అందమని మేనేజరు పొంగిపోయాడు. నేలను అడిగి గీత గీయడం నాకు నేర్పింది ఏసోబుగారే.

బంతి మనుషుల మీదికి వెళ్తుంటే ఆటగాళ్లు “ఫోర్!” అని అరుస్తారు, తప్పుకోమని. గడ్డి కోసే కూలీలకు అది “పోరా!” అని వినపడేది. గొణుక్కుంటూ పక్కకు జరిగేవాళ్లు. ఏసోబుగారు మాత్రం జరిగేవారు కాదు.

“ఈ చెట్లు పెట్టినోణ్ణండి నేను. నా కొడుకు ఈడోళ్లు పోరా అంటే పోతానా? తప్పుకోమంటే తప్పుకుంటాగా!”

‘ఫోర్’ అంటే అర్థం నాకు తెలుసు. చెప్పలేదు. ఆయన కోపాన్ని నేను అనుకరించి చూపిస్తే ఆఫీసులో గుమస్తాలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. చెబితే ఆ వినోదం పోతుంది. నవ్వు నాలుగు విధాల చేటంటారు. ఆ చేటు నవ్విన నాకు రాలేదు.

ఒక వేసవి ఉదయం ఏసోబుగారు వంపు దగ్గర కానుగలకు పాదులు తీయిస్తున్నారు. నేను పక్కనే ఉన్నాను. చెట్ల అవతల నుంచి “ఫోర్!” అని కేక వచ్చింది. కూలీలు జరిగారు. నేనూ జరిగాను. ఆయన కేక వచ్చిన వైపు తిరిగి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు. బంతి కుడికంటికి తగిలింది.

బెజవాడ ఆసుపత్రిలో కన్ను తీసేశారు. నేను చూడటానికి వెళ్తే మంచం మీద నుంచే అడిగారు.

“ఆ మాటకి అర్థమేంటి బాబుగారూ?”

“తప్పుకోమని. ఇంగ్లీషు మాట.”

“అయితే తిట్టు కాదన్నమాట. మీకూ ఇప్పుడే తెలిసిందాండి?”

“ఇప్పుడే” అన్నాను.

“అవున్లెండి. తెలిసుంటే చెప్పకుండా ఉంటారా!”

తర్వాత ముప్ఫై ఏళ్లు రోడ్లు వేశాను, కాలువలు తీశాను, అంతా ఆయన చెప్పిన పద్ధతిలోనే. మంచి పేరొచ్చింది. ఆ చివరి మాట నన్ను నమ్మి అన్నారో, అబద్ధమని తెలిసీ వదిలేశారో నాకు తెలియదు. తెలిసే వదిలేశారని అనుకోవడానికి ప్రయత్నిస్తాను. నమ్మే అన్నారనుకుంటే భరించలేను.