బాబాయి కొన్న రెండు టికెట్లు

మా బాబాయి బస్సు కండక్టరు. రిటైరయ్యాడు గానీ ఆ సంగతి ఆయన వేళ్లకి ఎవరూ చెప్పలేదు. పరాయి దేశంలో దిగి డబ్బు మార్చుకునే కౌంటరు దగ్గర, ఫెళఫెళలాడే కొత్త నోట్లు చేతికి రాగానే ఒక్కొక్కటీ నిలువునా మడిచి, గోటితో గీరి, ఎడమచేతి వేళ్ల సందుల్లో దోపుకున్నాడు. అద్దం వెనకాల అమ్మాయి నోరు తెరుచుకుని చూసింది.

"పర్సులో పెట్టుకో బాబాయ్."

"పర్సు తీసేలోపు స్టాపు వచ్చేస్తుందే."

ఈ ప్రయాణంలో ఆయన కోరిక ఒక్కటే. పెళ్లయిన దగ్గర్నుంచీ పిన్ని ఫ్యామిలీ పాసు మీద ఆయన బస్సులోనే తిరిగింది. ఆవిడ కూర్చునేది, ఆయన జనంలో నలుగుతూ నిలబడేవాడు. ఒక్కసారైనా సొంత డబ్బుతో రెండు టికెట్లు కొని ఆవిడ పక్కన కూర్చోవాలి. సముద్రం కనబడే కొండదారిలో రోజుకొక బస్సు వెళ్తుందని తెలిశాక ఆయన కాలు నిలవలేదు. ఆ రోజు బస్సు తప్పితే మళ్లీ వీల్లేదు, మర్నాడే మా తిరుగు ప్రయాణం మరి. పొద్దున్నే చొక్కా తొడుక్కుని పిన్నిని తొందరపెట్టి చంపాడు. చన్నీళ్లు పడని పిన్ని మాత్రం స్టీలు సీసాలో మరిగే నీళ్లు నింపుకుని, చేతిరుమాలు చుట్టి నింపాదిగా బయల్దేరింది.

స్టాపులో టికెట్ మిషను ఉంది. బాబాయి నోటు పెట్టాడు. మింగినట్టే మింగి కక్కేసింది. తిప్పి పెట్టాడు, మళ్లీ కక్కింది. మడత నోటు దానికి గిట్టదు. వేళ్ల సందుల్లో ఉన్నవన్నీ అదే బాపతు. అంతలో బస్సు మలుపు తిరిగింది. నేను కార్డు తీశాను.

"లోపల పెట్టు. అప్పుడది నువ్వు కొన్నట్టవుతుంది," అన్నాడు. "చిల్లర లేదని ఎంతమందిని కసిరానో. ఇవాళ నోటుండీ దిగబడిపోయాను."

"ఇలా ఇవ్వండి," అంది పిన్ని. నోటుని బెంచీ మీద పరిచి, రుమాలు విప్పి, వేడి సీసాతో బలంగా రుద్దింది. "ఇన్నేళ్లు మీ యూనిఫాం ఇస్త్రీ చేశాను, ఇదెంత."

మిషను నోటుని గుటుక్కున మింగింది. రెండు టికెట్లు బయటికొచ్చాయి. బాబాయి గెంతాడు, నిజంగానే గెంతాడు. పిన్ని చెయ్యి పట్టుకుని బస్సెక్కించాడు. నా టికెట్ కార్డుతో కొనుక్కుని వెనకే పరుగెత్తాను.

బస్సు కదిలింది. పిన్ని కిటికీ పక్కన కూర్చుంది. బాబాయి మాత్రం రాడ్‌కి ఆనుకుని, తలుపు వైపు చూస్తూ నిలబడే ఉన్నాడు.

పిన్ని ఆయన చొక్కా పట్టుకుని లాగింది. "డ్యూటీ అయిపోయిందండీ. కూర్చోండి."

కూర్చున్నాడు. పిన్ని తన టికెట్‌ని నిలువునా మడిచి ఆయన వేళ్ల సందులో దోపింది. ఆ చెయ్యి మళ్లీ వదల్లేదు.