సోలెడు పిండి ఎన్ని గ్రాములు

జగ్గయ్యపేటలో ఆ సందు మలుపు తిరగకముందే జల్లెడ చప్పుడు వినిపించింది. సర్రు, సర్రు, సర్రు. ఆగింది. మళ్ళీ ఒక్క సర్రు. మళ్ళీ ఆగింది. మెట్లెక్కుతున్న ముసలి ఊపిరిలా ఉంది.

లోపల జీవరత్నమ్మ. కనుబొమ్మల మీద మైదా, కుడి భుజానికి నొప్పి పట్టీ. వెనక బట్టీలో పత్తికట్టె మండుతోంది. క్రిస్మస్ దగ్గరపడితే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మైదా, పంచదార, డాల్డా సంచుల్లో తెచ్చిస్తారు. ఆమె కలిపి, బిస్కెట్లు కాల్చి డబ్బాలకెత్తి ఇస్తుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ కొలత ఒక్కటే, అత్తగారి ఇత్తడి సోల. రెండు సోలల పిండికి ఒక సోల పంచదార.

ఇక ఆ చేతికి పని చెప్పొద్దని నందిగామ డాక్టరు అన్నాడు. బట్టీ కోడలు ప్రశాంతి చూసుకోవాలి.

"మీ చెయ్యి నాకు రాదత్తయ్యా. గ్రాముల్లో చెప్పండి, కాటా పెట్టుకుని చేసుకుంటా" అంది ప్రశాంతి.

ఆ లెక్క కుదిరితే జీవరత్నమ్మకు విశ్రాంతి. కుదరకపోతే ఈ డిసెంబరు కూడా ఆ భుజం మీదే.

ఈ బట్టీ గురించి రాసుకుందామని నేను వెళ్ళేసరికి కాటాతో చేసిన మొదటి వాయి బయటికొచ్చింది. బిస్కెట్లన్నీ కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. పిండి తెచ్చిన పెనుగంచిప్రోలు సీతారావమ్మ రేకులోకి తొంగిచూసింది.

"బిస్కెట్లు చేయమంటే అట్లు పోశావేంటమ్మా!"

జీవరత్నమ్మ జల్లెడ దించింది. "ఏదీ, ఎట్టా తూచావో నా ముందు చెయ్యి."

ప్రశాంతి సోల నింపింది. పైన వేలితో గీసి సమం చేసి, కాటా మీద పోసింది. రెండువందల పది.

"తల కొట్టేశావేంటే!"

"కొలతంటే సమంగానే కదత్తయ్యా?"

"పంచదారకి కొడతాం. పిండికి గోపురం ఉండాల్సిందే. జనం తెచ్చిన పిండి తలకొట్టి కొలిస్తే మిగిల్చుకున్నామనుకోరూ?"

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా!"

"మా అత్త నాకు చెప్పిందా?"

"మీ పంచాయితీ తేలేలోగా నా మనవళ్ళకి పళ్ళూడతాయి" అంది సీతారావమ్మ.

గోపురంగా కొలిచి తూస్తే రెండువందల డెబ్భై. మళ్ళీ కొలిస్తే రెండువందల తొంభై. గోపురం ఒక్కోసారి ఒక్కో ఎత్తు. ఇన్నేళ్ళూ ఆ తేడాను కలిపేటప్పుడు ఆమె వేళ్ళే సర్దుకున్నాయి, ఆమెకు కూడా తెలియకుండా.

"ఏది ఖాయం చేసుకోమంటారు?"

జీవరత్నమ్మ గోడకు జారబడింది. "నడిమధ్యది పెట్టుకోవే. ఇంక నావల్ల కాదు."

రెండువందల ఎనభై. జల్లించిన ఇంటి పిండే తీసుకుని ప్రశాంతి కొత్తగా కలిపింది. రేకు బట్టీలోకి వెళ్ళింది. వెన్న రంగు వాసన సందులోకి మెల్లగా నడిచి వెళ్ళింది. బట్టీ తలుపు తీస్తే బిస్కెట్లు వేటికవే, గుండ్రంగా ఉన్నాయి. సీతారావమ్మ ఒకటి నమిలి, అడక్కుండా ఇంకోటి తీసుకుంది.

జీవరత్నమ్మ ఒకటి కొరికి చాలాసేపు నమిలింది. "బానే ఉంది" అంది. మూట దించిన కూలీ భుజంలోని తిమ్మిరి ఆ గొంతులో ఉంది.

ప్రశాంతి తర్వాతి వాయికి తూచడం మొదలుపెట్టింది. పట్టపగలు, బట్టీ మండుతుండగానే, జీవరత్నమ్మ గోనెపట్టా పరుచుకుని గోడవైపు తిరిగి ఒరిగింది. నేను లేచాను.

"వెళ్ళేటప్పుడు ఆ తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి. సందులో ఎవరన్నా అడిగితే కోడలుందని చెప్పండి. కాసేపు పడుకుంటా."